దయ్యపు గోటి గీతలు: పాత స్పోర్ట్స్ కారు ఇంజనును నమ్మడమెట్లు?

ఎద్దును కొనదలచిన రైతు నోరు తెరిపించి పళ్ళు లెక్కపెడతాడు. చేలో ఒక చాలు దున్నించి నడక చూస్తాడు. పాత ఇల్లు కొనేవాడు గోడ తట్టి చూస్తాడు. దూలానికి చెద పట్టినదేమో గీకి చూస్తాడు. పాత మోటారు కారు కొనేవానికి మాత్రం ఇంత సులభమైన పరీక్ష లేదు. రంగు మెరుస్తుంది, తోలు మెత్తలు కొత్తవిగా కనిపిస్తాయి, చక్రాలు నిగనిగలాడతాయి. కాని దాని ప్రాణమంతా ఇనుప గూటిలో, కంటికి కనబడని చోట ఉన్నది. స్పోర్ట్స్ కారు విషయంలో ఈ చిక్కు ఇంకను హెచ్చు. అది వేగం కోసమే పుట్టిన యంత్రం; దాని మొదటి యజమాని ఆ వేగాన్ని రుచి చూడకుండా విడిచిపెట్టి ఉండడు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇట్టి కార్లకు తరచుగా వర్తిస్తుంది.

ఐతే ఇంజను నమ్మదగినది కావడమంటే ఏమి? అది కర్మాగారంలో పుట్టుకతో వచ్చే గుణమా, లేక వాడినవాని చేతిలో పెరిగి తరిగే గుణమా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకేవారికి వాంకెల్ రోటరీ ఇంజను చరిత్ర మంచి ఉదాహరణము. మాజ్డా ఆర్‌ఎక్స్-7, ఆర్‌ఎక్స్-8 అనే స్పోర్ట్స్ కార్లను పాతవిగా కొనదలచిన వారిని నేటికీ ఆకర్షించేదీ, వెనుకాడజేసేదీ ఆ ఇంజనే.

సాధారణమైన ఇంజనులో పిస్టను సిలిండరులో పైకీ క్రిందికీ కదులుతుంది. ఆ కదలికను ఒక కడ్డీ ద్వారా తిరుగుడుగా మార్చవలెను. జర్మనీ దేశస్థుడైన ఫెలిక్స్ వాంకెల్ (1902-1988) ఈ మార్పిడియే అక్కరలేని ఇంజనును ఊహించినాడు. నడుము కొద్దిగా నొక్కుకొనిపోయిన వేరుసెనగ కాయ వంటి గూడును తలచుకొనండి. అందులో మూడు మూలల రోటరు ఒకటి తిరుగుతూ ఉంటుంది. పెట్రోలు ఆవిరిని పీల్చడం, నొక్కడం, మండించడం, పొగను వెళ్ళగొట్టడం అనే నాలుగు పనులూ ఆ గూటిలోనే వరుసగా జరిగిపోతాయి. రోటరు ఒకసారి తిరిగేలోగా ఇంజను ఇరుసు మూడుసార్లు తిరుగుతుంది. కవాటాలు లేవు, పిస్టన్లు లేవు. కదలిక మెత్తన, బరువు తక్కువ, శక్తి అధికం. స్పోర్ట్స్ కారుకు ఇంతకంటె ఏమి కావలెను?

కావలసినది ఒకటి ఉన్నది. రోటరు మూడు మూలలలోను సన్నని పట్టీలు అమర్చి ఉంటాయి. అవి గోడను ఎల్లవేళలా రాసుకొంటూ, ఒక గదిలోని వాయువు ప్రక్క గదిలోకి పోకుండా కాపాడవలెను. గూటిలో ఒక వైపు ఎల్లప్పుడు మంటయే. మరొక వైపు ఎల్లప్పుడు చల్లని గాలియే. ఆ రెంటి నడుమ నిమిషానికి వేలకొలది మార్లు పరుగెత్తే ఆ మూలపట్టీ మీదనే ఇంజను జీవితమంతా ఆధారపడి ఉన్నది.

నెకర్సుల్మ్ పట్టణంలోని ఎన్.ఎస్.యు. కంపెనీలో మొదటి నమూనా ఇంజను 1957 ఫిబ్రవరి 1న నడిచినది. రోటరు మాత్రమే తిరిగి, గూడు కదలకుండా నిలిచే సులభమైన రూపాన్ని అదే కంపెనీలోని హాన్స్ డీటర్ పాష్కే రూపొందించినాడు. 1964లో ఎన్.ఎస్.యు. స్పైడర్ అనే చిన్న స్పోర్ట్స్ కారు ఈ ఇంజనుతో విపణిలోకి వచ్చినది. అమ్మకానికి వచ్చిన కార్లలో వాంకెల్ ఇంజను గలది అదియే మొదటిది.

ఇంతలో జపానులోని హిరోషిమా నగరంలో, తరువాత మాజ్డాగా పేరొందిన తోయో కోగ్యో కంపెనీ 1961లో ఈ ఇంజను నిర్మాణానికి అనుమతి సంపాదించినది. 1963లో ప్రత్యేక పరిశోధన శాఖను ఏర్పరచి, కెనిచి యమమోతోను దానికి అధిపతిగా నియమించినారు. ఆయన క్రింద చేరిన యువ ఇంజనీర్లు 47 మంది. జపాను చరిత్రలో తమ ప్రభువు కోసం ప్రాణాలర్పించిన రోనిన్ వీరులు కూడా 47 మందియే కనుక వీరికి ఆ పేరే స్థిరపడినది.

ఆ 47 మంది ఎదుర్కొన్న శత్రువు విచిత్రమైనది. పరీక్షకు పెట్టిన ఇంజనును విప్పి చూసినప్పుడు గూటి లోపలి గోడమీద అలలు అలలుగా గీతలు కనిపించినవి. వాటికి వారు ‘దయ్యపు గోటి గీతలు’ అని పేరు పెట్టుకొన్నారు. మూలపట్టీ గోడమీద సాఫీగా జారక, తంబుర తీగ వలె కంపిస్తూ, ఎగిరి పడుతూ గోడను చెక్కుతున్నదని క్రమంగా తేలినది. ప్రతి వస్తువుకు తనదైన సహజ కంపన సంఖ్య ఉంటుంది. దానిని మార్చగలిగితే గీతలు పోతాయి. పట్టీలో అడ్డంగాను నిలువుగాను సన్నని రంధ్రాలు చేసినప్పుడు గీతలు మాయమైనవి. అమ్మకానికి తయారుచేసిన ఇంజనులకు అల్యూమినియం ఇంకించిన కర్బనపు పట్టీలను ఎన్నుకొన్నారు. అంతటితో తృప్తిపడక, 60 నమూనా కార్లను తమ అమ్మకందారులకు ఇచ్చి రోడ్లమీద నడిపించి చూసినారు. ఆ తరువాతనే, 1967 మే 30న, కాస్మో స్పోర్ట్ కారును ప్రజలకు విడుదల చేసినారు.

అదే 1967లో జర్మనీలో ఎన్.ఎస్.యు. కంపెనీ ఆర్ఓ-80 అనే పెద్ద కారును విడుదల చేసినది. అది స్పోర్ట్స్ కారు కాదు, కుటుంబాలు ప్రయాణించే కారు. ఐనను ఇంజను ఆ జాతిదే. దాని రూపాన్ని చూసి ముచ్చటపడనివారు లేరు. 1968 సంవత్సరానికి ఐరోపా మేటి కారు బిరుదు దానికే వచ్చినది. కాని మొదటి ఏండ్లలో తయారైన ఇంజనులలో మూలపట్టీలు త్వరగా అరిగిపోయినవి. అనేక ఇంజనులను 50,000 కిలోమీటర్లు నిండకముందే మార్చవలసి వచ్చినది. కంపెనీ తన మాట నిలుపుకొని కొత్త ఇంజనులు ఇచ్చినది. ఆ ఖర్చు దానికి పెనుభారమైనది. ఆర్ఓ-80 యజమానులు దారిలో ఎదురుపడితే, తమ కారుకు ఎన్ని ఇంజనులు మారినవో వేళ్ళు చూపి పలకరించుకొనేవారని ఒక హాస్యం వ్యాపించినది. 1969లో ఎన్.ఎస్.యు. కంపెనీ తన స్వాతంత్ర్యాన్ని కోల్పోయి వోక్స్‌వాగన్ సంస్థ నీడలో ఆటో యూనియన్‌తో కలిసిపోయినది. లోపాలను తరువాతి ఏండ్లలో చాలవరకు సరిదిద్దినారు. కాని పోయిన పేరు తిరిగి రాలేదు.

కాస్మో కథ వేరు. 1968లో న్యూర్బర్గ్‌రింగ్ పందెపు బాటలో జరిగిన 84 గంటల దీర్ఘ పందెంలో రెండు కాస్మో కార్లు పాల్గొన్నవి. ఒకటి చివరి గంటలలో వెనుక ఇరుసు చెడి నిలిచిపోయినది. రెండవది పందెం ముగించి నాల్గవ స్థానం పొందినది. ఇరుసు చెడినదే కాని ఇంజను చెడలేదు. 1973 నాటి పెట్రోలు సంక్షోభం రోటరీ ఇంజనును మరొకసారి ముంచబోయినది. ఈ ఇంజనుకు దాహం ఎక్కువ మరి. ఆ గండాన్ని గడచి, 1978లో ఆర్‌ఎక్స్-7 వచ్చినది. 2002 వరకు మూడు తరాలుగా 8 లక్షలకు పైగా ఆర్‌ఎక్స్-7 కార్లు తయారైనవి. 1991లో లె మాన్ 24 గంటల పందెంలో నాలుగు రోటర్ల మాజ్డా 787బి కారు 362 చుట్లు తిరిగి, సుమారు 4,900 కిలోమీటర్లు పరుగెత్తి విజయం సాధించినది. ఆ పందెంలో జపాను కంపెనీ గెలవడం అదే మొదటిసారి.

ఇరవైనాలుగు గంటలు ఎడతెగక పరుగెత్తి గెలిచిన జాతికి చెందిన ఇంజనును పాత కార్ల విపణిలో జనం అనుమానించడమెందుకు? కారణం ఒక్కటే. పందెపు కారు వెంట నిపుణులు ఉంటారు. ఇంటి కారు వెంట యజమాని ఒక్కడే ఉంటాడు. పిస్టను ఇంజను కొంత అజ్ఞానాన్ని సహిస్తుంది. రోటరీ ఇంజను సహించదు.

మొదటి సంగతి నూనె. మూలపట్టీలకు తడి కావలెను గనుక, కొద్దికొద్దిగా ఇంజనాయిలును లోపలికి పంపే పంపు ఈ ఇంజనులో ఉన్నది. ఆ నూనె మండిపోతుంది. అది లోపం కాదు, నిర్మాణమే అట్టిది. ఈ సంగతి తెలియని యజమాని నెలల తరబడి నూనె మట్టం చూడడు. ఆ నిర్లక్ష్యానికి శిక్ష అనుభవించేది తరువాత కొన్నవాడు. రెండవది వేడి. నీరు తగ్గి ఇంజను ఒకసారి మితిమీరి కాగినదంటే, గూటి పొరల మధ్య నీటిని ఆపే సీళ్ళు చెడిపోతాయి. జంట టర్బోలు గల మూడవ తరం ఆర్‌ఎక్స్-7లో ఈ అపాయం అధికం. మూడవది, చల్లని ఇంజనును నడిపించి వెంటనే ఆపివేయడం. కారును గుడిసెలోనుంచి వాకిట్లోకి తెచ్చి ఆపితే చాలు, మండకుండా మిగిలిన పెట్రోలు గోడమీది నూనెను కడిగివేస్తుంది. మరుసటిసారి ఇంజను మేలుకొనదు.

కర్మాగారానికి మాత్రం బాధ్యత లేదని చెప్పరాదు. 2003లో వచ్చిన ఆర్‌ఎక్స్-8 ఇంజను ఆ సంవత్సరమే అంతర్జాతీయ పురస్కారం పొందినది. ఐనను ఫిర్యాదులు పెరుగగా, ఉత్తర అమెరికాలో మాజ్డా ఆ ఇంజను పూచీని 8 సంవత్సరాలకు, లేదా సుమారు 1,60,000 కిలోమీటర్లకు పొడిగించవలసి వచ్చినది. 2009 నమూనాలో నూనె అందించే ఏర్పాటును మెరుగుపరచినారు. పాత ఆర్‌ఎక్స్-8 కొనేవారు తయారైన సంవత్సరాన్ని అడగడం అందువల్ల వృథా కాదు.

ఇక పరీక్ష సంగతి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడిచినంత మాత్రాన మోసపోరాదు. బాగా వేడెక్కిన తరువాత ఆపి, కొంతసేపటికి మరల నడిపించవలెను. అప్పుడు మొరాయించినదంటే పట్టీలు అరిగినవని శంకించవలెను. తెల్లని పొగ విడువకుండా వస్తూ, రేడియేటరు నీరు తగ్గుతూ ఉంటే నీటి సీళ్ళు చెడినవని అర్థం. నిశ్చయమైన తీర్పు మాత్రం కంప్రెషను పరీక్షయే ఇస్తుంది. సాధారణపు గేజి ఇక్కడ పనికిరాదు. అది మూడు గదులలో అన్నిటికంటె బలమైనదాని సంఖ్యనే చూపుతుంది. మిగిలిన రెండు గదుల బలహీనత దాని వెనుక దాగిపోతుంది. ప్రతి రోటరుకు మూడు సంఖ్యలను విడివిడిగా చూపే ప్రత్యేక పరికరం కావలెను. ఆర్‌ఎక్స్-8కు కంపెనీ విధించిన కనీసపు పీడనం, ఇరుసు నిమిషానికి 250 చుట్లు తిరిగేటప్పుడు, చదరపు సెంటీమీటరుకు 6.9 కిలోగ్రాములు. ఒకే రోటరులోని గదుల మధ్య భేదం 1.5 కిలోగ్రాములు మించరాదు.

కొనేవారు తరచుగా పడే పొరపాటు కిలోమీటర్ల సంఖ్యను చూసి మురిసిపోవడం. తక్కువ తిరిగి, ఏండ్ల తరబడి నిలువ ఉండిపోయిన కారుకంటె, ఎక్కువ తిరిగినా నియమంగా నూనె మార్చబడి, నిపుణుని చేత ఇంజను విప్పి బాగుచేయబడి, అందుకు తగిన రసీదులు గల కారు మేలు కావచ్చును. ఆ రసీదులు లేనప్పుడు ఇంజను బాగుచేత ఖర్చును ముందే ధరలోనుంచి తీసివేసి బేరమాడవలెను. అట్టి బేరానికి అమ్మేవాడు ఒప్పుకొనకపోతే, కంప్రెషను పరీక్షకే వెనుకాడితే, చేతి సొమ్ము చేతిలో ఉంచుకొని తిరిగి రావడం వివేకం.

నెకర్సుల్మ్‌లోను హిరోషిమాలోను తయారైనది ఒకే ఆలోచన నుండి పుట్టిన ఇంజను. ఒకచోట దానికి తగినంత పరీక్ష జరగక ముందే మార్కెట్టు ద్వారం తెరచినారు. మరొకచోట గీతలు పోయేవరకు మూసి ఉంచినారు. నమ్మిక అనేది ఇంజను పేరులో లేదు, దానిని ఎవరు ఎంత ఓపికగా చూసినారన్న దానిలో ఉన్నదని ఆ భేదమే చెబుతున్నది. పాత కారు విషయంలోను న్యాయం ఇదియే. దయ్యపు గీతలను తుడిచివేయడానికి 47 మంది ఏండ్ల తరబడి శ్రమించినారు; నూనె పోయక వాటిని మరల గీయడానికి ఒక్క యజమాని చాలును. కనుక కారును అడగవలసిన ప్రశ్నలకంటె దాని యజమానిని అడగవలసినవి ఎక్కువ. వాటిలో మొదటిది, నూనె మట్టం మీరు కడపటిసారి ఎప్పుడు చూసినారు అన్నది.