అర్థశాస్త్ర పట్టము - తెలుగు భాగము

మదరాసు విశ్వవిద్యాలయమునకు 1915లో భారతార్థశాస్త్ర ప్రథమాచార్యుడుగా గిల్బర్టు స్లేటరు వచ్చెను. ఆయనకు పుస్తక పఠన మొక్కటియే చాలలేదు. సెలవులకు స్వగ్రామములకేగు విద్యార్థులకు ప్రశ్నావళి నిచ్చి, భూమి యెవరిది, కూలి యెంత, అప్పెంత యని విచారించి వ్రాసి తెమ్మనెను. ఆ వ్రాతలు 1918లో గ్రంథమైనవి. తమిళ, మలయాళ గ్రామముల సరసనే మన ఊనగట్లయు అందు చోటు గొన్నది. ఊనగట్ల రైతు నోట అప్పుమాట తెలుగుననే గదా వెడలియుండును!

నేడచ్చటి బి.ఏ. అర్థశాస్త్రము మూడేండ్ల చదువు. ప్రథమభాగము భాష, ద్వితీయము ఆంగ్లము. సూక్ష్మ, స్థూలార్థశాస్త్రములు, గణాంకములు, ఆర్థిక చింతనా చరిత్ర మున్నగునవి తృతీయభాగము. ప్రథమభాగమునకు తెలుగును గైకొనవచ్చును. కాని కళాశాలలో బోధకుడుండవలెను గదా! లేనిచోట ఆ వెసులుబాటు కాగితముననే నిలుచును.

మా బడిలో పండ్రెండేండ్లు తెలుగు చదివిన బాలిక యొకతె యిట్లే వేఱు భాష వ్రాసి పట్టమందెను. పరిశీలనకై ఆమె నేతవారి వీథికి పోయినప్పుడు, అచ్చటి ముసలివారు వడ్డీలెక్కలు తెలుగుననే చెప్పిరట. ఆమె మా బడినాటి వ్రాతపుస్తకమున మిగిలిన కాగితములమీద వానిని తెలుగుననే వ్రాసికొని వచ్చి నాకు చూపినది.