పది షిల్లింగుల కన్సెషన్

కన్సెషన్ అంటే మనకు తెలిసింది విద్యార్థుల బస్ పాసు, రైలు టిక్కెట్టులో రాయితీ. ఇక్కడ కెనడాలో ఎన్నికల్లో ఓడినవాడు ఓటమి ఒప్పుకున్నా, సినిమా హాల్లో పాప్‌కార్న్ అమ్మే కౌంటరైనా ఆ మాటే. కానీ టొరంటోను ఆనుకుని ఉత్తరాన ఉన్న మా వాన్ నగరం పాత భూమి రికార్డులు తిరగేస్తే దానికి ఇంకో అర్థం కనిపిస్తుంది: పొలాల వరుస.

ఇచ్చివేయడం, వదులుకోవడం అనే లాటిన్ క్రియ నుంచి పుట్టిన మాట ఇది. ఫ్రెంచివారి ఏలుబడిలో దొరలు రైతులకు ఇచ్చే భూమిని ఇలాగే అనేవారు. తర్వాత వచ్చిన బ్రిటిష్‌వారు పేరు మార్చలేదు.

వాన్ టౌన్‌షిప్ 1792లో ఏర్పడింది. కొలిచింది గంటర్ గొలుసుతోనే. మన సర్వే శాఖలో చైన్‌మన్‌కు ఆ పేరు తెచ్చిన గొలుసు అదే, పొడవు 66 అడుగులు. ఒక్కో కమతం 20 గొలుసుల వెడల్పు, 100 గొలుసుల పొడవు, అంటే 200 ఎకరాలు. వరుసకీ వరుసకీ మధ్య ఒక గొలుసు వెడల్పున బాట వదిలారు. ఇవాళ కీల్, జేన్, వెస్టన్ రోడ్లు రెండేసి కిలోమీటర్ల దూరంలో తిన్నగా సాగడానికి కారణం అదే. భూమి ఉచితమే. అయితే చెట్లు కొట్టి, ఇల్లు కట్టి, ముందున్న బాట చదును చేస్తేనే పట్టా చేతికొచ్చేది.

ఇంతకీ ఇచ్చింది ఎవరి భూమి? మిస్సిసాగా అనే ఆదివాసీ ప్రజలది. 1787లో వారితో రాయించుకున్న దస్తావేజులో భూమి వివరాలే లేవు, ఖాళీ కాగితం. ఆ లోపం తెలిసి కూడా సర్కారు యాంగ్ స్ట్రీట్ వెంట పొలాలు పంచుతూ పోయింది. చివరకు 1805లో 2,50,830 ఎకరాలకు 10 షిల్లింగులిచ్చి కాగితం సరిచేసుకుంది. మా ఇల్లున్న మేపుల్ కూడా ఆ ఎకరాల్లోదే. ఏజెన్సీలో 1/70 చట్టం ఎందుకు అవసరమైందో ఎరిగిన తెలుగువారికి ఈ అన్యాయాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. తమది కానిదాన్ని దానమిచ్చారు. నా దృష్టిలో అది కన్సెషన్ కాదు, కబ్జా.

మిస్సిసాగాలు పట్టు వదలలేదు. 2010లో కెనడా ప్రభుత్వం వారికి 14.5 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించింది.