అమ్మమ్మ అయ్యాక మొదలైన పని

మేరీ సమ్నర్ 1876లో అమ్మమ్మ అయ్యారు. అప్పటికి ఆమెకు 47 ఏళ్లు. ఇంగ్లాండ్‌లోని హ్యాంప్‌షైర్‌లో, ఓల్డ్ ఆల్స్‌ఫర్డ్ అనే పల్లెలో ఆమె భర్త జార్జ్ సమ్నర్ పాదిరి. పెద్ద కూతురు మార్గరెట్‌కు తొలి కాన్పయింది. పసిబిడ్డతో ఉన్న కూతుర్ని చూసినప్పుడు మేరీకి తన తొలి కాన్పు గుర్తొచ్చింది. ఆనాడు బిడ్డను చేతుల్లోకి తీసుకోగానే, ఈ ప్రాణాన్ని పెంచి పెద్దచేయాల్సింది తనేనని, అందుకు తగిన తెలివి తనకు లేదని ఆమె బెదిరిపోయారు. ఆ బెదురు ఇప్పుడు కూతురిది. ఊళ్లో ఉన్న పడుచు తల్లులందరిదీ. పిల్లల్ని పెంచి దరిచేర్చిన ఆడవాళ్లు పక్కన కూర్చుని చెబితే వీళ్లకు ధైర్యం వస్తుంది కదా అనుకున్నారామె. తర్వాతి రోజుల్లో దేశదేశాలకూ పాకిన మదర్స్ యూనియన్ ఆ ఆలోచన నుంచి పుట్టింది. తెలుగునాట డోర్నకల్ అధ్యక్ష మండలంలోనూ అది వేరూనింది.

మేరీ 1828 డిసెంబరు 31న మాంచెస్టర్ దగ్గరి స్వింటన్‌లో పుట్టారు. తండ్రి థామస్ హేవుడ్‌ది బ్యాంకు నడిపిన సంపన్న కుటుంబం. చదువు ఇంట్లోనే సాగింది. భాషలు, సంగీతం బాగా వచ్చాయి. సంగీతం నేర్చుకోవడానికి రోమ్ వెళ్లినప్పుడు జార్జ్‌తో పరిచయమై, 1848లో పెళ్లయింది. జార్జ్ తండ్రి వించెస్టర్ బిషప్పు, పెదనాన్న కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు. అంటే మేరీ అడుగుపెట్టింది ఆంగ్లికన్ సంఘపు పెద్దింట్లో. 1851లో జార్జ్‌కు ఓల్డ్ ఆల్స్‌ఫర్డ్ సంఘం అప్పగించారు. దంపతులకు ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు. కొడుకు హేవుడ్ సమ్నర్ చిత్రకారుడిగా, పురావస్తు పరిశోధకుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఆ పల్లెలో పాతికేళ్లపాటు మేరీ చేసింది పిల్లల పెంపకం, సంఘంలో భర్తకు సాయం. చరిత్రకారులు ఈ పాతికేళ్లను రెండు వాక్యాల్లో దాటేస్తారు. కానీ తర్వాత ఆమె ఇతరులకు చెప్పగలిగిందంతా ఆ రోజుల్లో నేర్చుకున్నదే.

మొదటి కూడిక పాదిరి బంగ్లాలోనే పెట్టారు. ఊళ్లోని తల్లులందరినీ పిలిచారు. తీరా వాళ్లు వచ్చాక మేరీకి నోరు పెగల్లేదు. పెద్ద కుటుంబాల స్త్రీలు ముందు కూర్చుంటే తాను వాళ్లకు చెప్పేదేముందన్న జంకు పట్టుకుంది. ఆ రోజుకు భర్తే సర్దిచెప్పాల్సి వచ్చింది. అయితే ఆమె ఆ పనిని అక్కడితో వదిలేయలేదు. వచ్చే వారం రమ్మన్నారు. వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి ఆమె మాట్లాడారు.

ఆ గదిలో ఎవరెవరు కూర్చున్నారన్నది అసలు విశేషం. భూస్వాముల ఇళ్ల ఆడవాళ్లు, పొలం కూలీల భార్యలు ఒకే చోట కూర్చుని ఒకే మాట విన్నారు. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లాండ్‌లో అది మామూలు సంగతి కాదు. పేదలకు బుద్ధులు చెప్పే కలిగినవాళ్ల సంఘాలు ఆ రోజుల్లో చాలా ఉండేవి. మేరీ మాత్రం కలిగిన తల్లులకూ గట్టిగానే చెప్పారు. బిడ్డల్ని ఆయాలకూ, ఇంటికొచ్చి చదువు చెప్పే పంతులమ్మలకూ అప్పగించి తమ పని అయిపోయిందనుకోవద్దన్నారు. తల్లి పని కూడా వృత్తేననీ, మిగతా వృత్తుల్లాగే దాన్నీ నేర్చుకోవాలనీ ఆమె వాదన. బిడ్డ పుట్టగానే ఆడదానికి అన్నీ వాటంతటవే తెలిసిపోతాయన్న నమ్మకాన్ని ఆమె ఒప్పుకోలేదు. స్వానుభవం అందుకు ఒప్పుకోనివ్వలేదు. ఆమె చెప్పిన వాటన్నిటిలో ఈనాటికీ నిలిచే మాట ఇదే.

కూడికలో చేరిన ప్రతి తల్లికీ ఒక కార్డు ఇచ్చేవారు. చేయాల్సినవి, చేయకూడనివి అందులో ముద్రించి ఉండేవి. పిల్లలకు నిజం చెప్పడం, మాట వినడం అలవాటు చేయాలి. ఇంట్లో బూతులు, కోపపు మాటలు వినబడనివ్వకూడదు. వైద్యుడు చెబితే తప్ప పిల్లలకు బీరు, సారా పట్టకూడదు. వాళ్లను సారా దుకాణానికి పంపకూడదు. పొద్దునా సాయంత్రమూ మోకరించి ప్రార్థించాలి, పిల్లలకూ ప్రార్థన నేర్పాలి. రోజూ కొన్ని వచనాలైనా బైబిల్ చదవాలి. చూడ్డానికి ఇవి చిన్న చిన్న సంగతులే. కానీ తండ్రి కోసం సారా తేవడానికి పిల్లల చేతికి జగ్గు ఇచ్చి పంపే ఆనాటి వీధుల్లో ఇవి ఇంటి బతుకునే మార్చే నియమాలు. భక్తి గురించి పెద్ద మాటలు చెప్పి వదిలేయకుండా సాయంత్రం ఇంట్లో ఏం చేయాలో చెప్పడం మేరీ పద్ధతి.

పెద్దవయసు స్త్రీలు పడుచు తల్లులకు నేర్పడానికి బైబిల్లో ఆధారం ఉంది. తీతుకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలు ఆ పని వయసు మళ్లిన స్త్రీలకు అప్పగిస్తాడు. భర్తను, బిడ్డల్ని ప్రేమించడం, ఇల్లు దిద్దుకోవడం పడుచు స్త్రీలకు వాళ్లే నేర్పాలంటాడు. అయితే ఇంగ్లాండ్ సంఘాల్లో ఆ రోజుల్లో బోధంతా మగవాళ్ల చేతుల్లోనే ఉండేది. స్త్రీ సభలో నిలబడి మాట్లాడడం అరుదు.

అందుకే దాదాపు తొమ్మిదేళ్లు ఈ పని ఒక్క ఊరికే పరిమితమైంది. 1885లో పోర్ట్స్‌మత్‌లో చర్చి మహాసభ జరిగింది. అక్కడి స్త్రీల సభలో న్యూకాసిల్ బిషప్పు ఎర్నెస్ట్ విల్బర్‌ఫోర్స్ మాట్లాడాల్సి ఉంది. తల్లులతో తల్లి మాట్లాడడమే మేలని భావించిన ఆయన తన వంతును మేరీకి ఇచ్చారు. తొలి కూడికనాడు నోరు పెగలని మనిషి, 56 ఏళ్ల వయసులో నిండు సభలో లేచి నిలబడి, తల్లులు ఏకమైతే దేశం మారుతుందని చెప్పారు. వెంటనే వించెస్టర్ బిషప్పు హెరాల్డ్ బ్రౌన్ ఈ పనిని తన అధ్యక్ష మండలమంతటికీ విస్తరింపజేశారు. పక్క మండలాలు అందుకున్నాయి. 1888లో సంస్థకు సొంత పత్రిక వచ్చింది. కొద్దికాలానికే చదువుకున్న తల్లుల కోసం రెండో పత్రిక మొదలైంది. దానికి ప్రసిద్ధ నవలాకారిణి షార్లట్ యంగ్ సంపాదకురాలు. పాదిరి బంగ్లాలో ఒకే గదిలో కూర్చున్నవాళ్లు పత్రిక దగ్గరికి వచ్చేసరికి రెండుగా చీలిపోవడం మనసుకు కష్టం కలిగించే సంగతే. 1896లో కేంద్ర సమితి ఏర్పడి మేరీ అధ్యక్షురాలయ్యారు. మరుసటేడు విక్టోరియా రాణి సంస్థకు పోషకురాలయ్యారు. 1900 నాటికి సభ్యుల సంఖ్య సుమారు 1,69,000.

మేరీ 1909 వరకు అధ్యక్షురాలిగా ఉన్నారు. అప్పటికి ఆమెకు 80 నిండాయి. గిల్డ్‌ఫర్డ్ బిషప్పుగా పనిచేసిన భర్త ఆ ఏడే కన్నుమూశారు. 1921 ఆగస్టులో, 92 ఏళ్ల వయసులో మేరీ చనిపోయారు. వించెస్టర్ కెథీడ్రల్ ఆవరణలో భర్త పక్కనే ఆమెను సమాధి చేశారు. ఇంగ్లాండ్ సంఘం ఏటా ఆగస్టు 9న ఆమెను స్మరించుకుంటుంది.

ఆమె సంస్థలో ఒక కఠినత్వమూ ఉండేది. వివాహబంధం విడరానిదన్న పట్టుదలతో విడాకులు పొందిన స్త్రీలను చాలాకాలం సభ్యులుగా చేర్చుకోలేదు. మోసపోయి, దెబ్బలు తిని బయటికి వచ్చిన తల్లికి ఆదరణ ఇంకా ఎక్కువ కావాలి. తల్లుల పేరు పెట్టుకున్న సంఘం తలుపు మూసింది సరిగ్గా ఆమెకే. అది అన్యాయం. ఆ నియమాన్ని సడలించడానికి 1970ల దాకా పట్టింది.

తెలుగునేలకు వస్తే, ఇక్కడి ఆంగ్లికన్ మిషను పని 1841లో మచిలీపట్నంలో మొదలైంది. మదర్స్ యూనియన్ పేరు వినబడక ముందే తెలుగు సంఘాల్లో పెద్దవయసు స్త్రీలు చిన్నవాళ్లకు నేర్పే వాడుక ఉంది. బైబిల్ స్త్రీలు ఆ పని చేశారు. వాళ్లలో విధవలు చాలామంది. చేతిలో బైబిలుతో ఇల్లిల్లూ తిరిగి అక్షరాలు నేర్పారు, కీర్తనలు నేర్పారు, బాలింతలకు సుద్దులు చెప్పారు. లూథరన్, బాప్టిస్టు, ఆంగ్లికన్ సంఘాలన్నిటిలో ఈ స్త్రీలు ఉన్నారు.

ఇక డోర్నకల్ సంగతి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే తొలి భారతీయ బిషప్పు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్. తిరునెల్వేలి ప్రాంతపు తమిళ దంపతులు వీళ్లు. 1898లో పెళ్లయింది. దక్షిణాది క్రైస్తవ స్త్రీలలో కాలేజీ చదువు చదివిన తొలితరం మనిషి అన్బు. నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, అక్కడే స్థిరపడ్డారు. మండలంలో మదర్స్ యూనియన్ పనిని ముందుండి నడిపించారు.

ఓల్డ్ ఆల్స్‌ఫర్డ్ పాదిరి బంగ్లాకు, డోర్నకల్ పల్లెలకు పోలిక లేదు. ఇక్కడి సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ పేటల స్త్రీలు. పగలంతా నాట్లు, కలుపులు, కోతలు. కూడిక రాత్రిపూటే కుదిరేది. కార్డు మీద ముద్రించి ఇస్తే చదవగలిగేవాళ్లు తక్కువ. అందుకే వాక్యాన్ని కథగా, పాటగా చెప్పేవారు. సారా జోలికి పోకుండా ఉండడం, పిల్లల్ని బడికి పంపడం, ఇంటిల్లిపాదీ కుటుంబ ప్రార్థనకు కూర్చోవడం వంటివే ఇక్కడా పాఠాలు. డోర్నకల్‌లో మరో మంచి ఏర్పాటు ఉంది. పాదిరి పనికి శిక్షణ పొందే మగవాళ్లతో పాటు వాళ్ల భార్యలకూ చదువు చెప్పేవారు. ఎందుకంటే పల్లెలో ఆడవాళ్లు కాన్పు కష్టమైనా, అత్తాకోడళ్ల తగువైనా అయ్యగారి దగ్గరికి వెళ్లి చెప్పుకోరు. అమ్మగారి దగ్గరే చెప్పుకుంటారు. ఆ అమ్మగారికి నాలుగు అక్షరాలు, నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడే ధైర్యం ఉంటే ఊరి ఆడవాళ్లందరికీ ఒక అండ దొరికినట్టే.

అజరయ్య 1945 జనవరి 1న చనిపోయారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక డోర్నకల్ మండలం అందులో భాగమైంది. సంఘాల్లో స్త్రీల పని స్త్రీల మైత్రి పేరుతో సాగుతోంది. మదర్స్ యూనియన్‌కు నేడు 80కి పైగా దేశాల్లో 40 లక్షలకు పైగా సభ్యులున్నారు. వీళ్లలో అత్యధికులు ఆఫ్రికా, ఆసియా దేశాల తల్లులు.

మేరీ సమ్నర్ మీద ఇంగ్లీషులో జీవితచరిత్రలున్నాయి. తెలుగు పల్లెల్లో బైబిల్ స్త్రీలుగా, పాస్టరమ్మలుగా రెండు మూడు తరాల కోడళ్లకు, కూతుళ్లకు చెయ్యందించినవాళ్లలో చాలామందికి పుస్తకంలో ఒక పేజీ కూడా లేదు. కొందరి పేర్లు సంఘం రిజిస్టర్లలో, మరికొందరివి సమాధి రాళ్ల మీద ఉన్నాయి. వాళ్లను ఎరిగిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ముసలివాళ్లు ఉండగానే వాళ్ల దగ్గర కూర్చుని ఆ పేర్లు, ఆ సంగతులు రాసిపెట్టండి.