ఐదుగురి జబ్బు వెనుక ముప్పై ఏళ్లు

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన వారపత్రికలో ఒక చిన్న నివేదిక అచ్చు వేసింది. లాస్ ఏంజెలెస్ ఆసుపత్రుల్లో ఐదుగురు యువకులకు న్యుమోసిస్టిస్ అనే సూక్ష్మజీవి వల్ల న్యుమోనియా వచ్చిందనీ, వాళ్లలో ఇద్దరు అప్పటికే చనిపోయారనీ అందులోని సంగతి. ఎయిడ్స్ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడే మొదలుపెడతారు. అయితే ఆ నివేదికలో మనం ఆగి ఆలోచించవలసింది ఐదు అనే అంకె దగ్గర. ఇరవై కోట్లకు పైగా జనం ఉన్న దేశంలో ఐదుగురికి న్యుమోనియా రావడం వార్త కాదు. అయినా వాళ్లకు వైద్యం చేసిన మైఖేల్ గాట్లీబ్, ఇది మామూలు న్యుమోనియా కాదనీ, వీళ్ల ఒంట్లో రోగంతో పోరాడే ఒక రకం కణాలే తరిగిపోయాయనీ ఆ ఏడాది లోపే చెప్పగలిగాడు. అలా చెప్పడానికి కావలసిన పరిజ్ఞానం అప్పటికే సిద్ధంగా ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందని వెతుక్కుంటూ వెళితే, వేలల్లో లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బుతో పుట్టిన పసిపిల్లల మంచాల దగ్గరికి చేరతాం. కొద్దిమందికే వచ్చే పుట్టుక లోపాల మీద ముప్పై ఏళ్ల పాటు జరిగిన పరిశోధనే ఎయిడ్స్‌ను గుర్తుపట్టే చూపును ఇచ్చిందని నా వాదన. అరుదైన జబ్బుల మీద పెట్టే ఖర్చు దండగ అనే మాట మన దేశంలో ఇంకా వినబడుతోంది కాబట్టి ఈ చరిత్రను కాస్త వివరంగా చూడాలి.

ఈ పిల్లలు 1950 ప్రాంతంలో వైద్యుల కంటబడ్డారు. అందుకు కారణం పెన్సిలిన్. అంతకు ముందు రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన బిడ్డ మొదటి న్యుమోనియాకో రెండోదానికో పోయేది. ఇరుగుపొరుగు బిడ్డలూ అలాగే పోతున్న రోజుల్లో ఆ చావును విడిగా చూసినవాళ్లు లేరు. పెన్సిలిన్ వచ్చాక మిగతా పిల్లలు తేరుకుని ఆటల్లో పడ్డారు. కొందరు మాత్రం తేరుకోవడం, మళ్లీ పడకేయడం, ఇలాగే ఏళ్లు గడిపారు. వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో పిల్లల వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ దగ్గరికి అలాంటి ఎనిమిదేళ్ల అబ్బాయి వచ్చాడు. నాలుగేళ్లలో 19 సార్లు ఇన్ఫెక్షన్ అతని రక్తంలోకి పాకింది. రక్తంలోని ప్రొటీన్లను విద్యుత్తుతో విడదీసి చూపే యంత్రం ఆ ఆసుపత్రిలో అప్పట్లో కొత్త. అందులో పరీక్షిస్తే గామా గ్లోబ్యులిన్ ఉండవలసిన చోట ఏమీ కనబడలేదు. క్రిములతో పోరాడే యాంటీబాడీలు ఎక్కువగా ఉండేది ఆ భాగంలోనే. బయటి నుంచి గామా గ్లోబ్యులిన్ ఎక్కించడం మొదలుపెట్టగానే ఆ జ్వరాలు ఆగాయి. 1952లో బ్రూటన్ ప్రచురించిన ఈ వ్యాసంతో ఒక కొత్త శాస్త్రం మొదలైందనవచ్చు. జబ్బును సూక్ష్మజీవి వైపు నుంచి మాత్రమే చూసిన వైద్యం, దాన్ని ఎదుర్కోలేకపోయిన శరీరం వైపు నుంచి కూడా చూడటం నేర్చుకుంది.

అదే కాలంలో స్విట్జర్లాండ్ వైద్యులు గ్లాంజ్‌మన్, రినికర్ మరో రకం పిల్లల గురించి రాశారు. వాళ్ల రక్తంలో లింఫోసైట్లనే తెల్ల కణాలు దాదాపు లేవు. నోటిలో తెల్లపూత, ఆగని విరేచనాలు, చివరకు మరణం. బ్రూటన్ చూసిన అబ్బాయిని బాధించింది బ్యాక్టీరియా. ఈ శిశువులను చంపింది ఆరోగ్యవంతులకు ఏ హానీ చేయని బూజులు, వైరస్‌లు. ఒకే రోగనిరోధక శక్తిలో ఇంత తేడా ఎందుకన్న ప్రశ్నకు జవాబు మొదట కోళ్లలో దొరికింది. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్ కోళ్ల తోక దగ్గర ఉండే బర్సా అనే చిన్న తిత్తిని తీసేసి, అది దేనికి పనికొస్తుందో చూస్తున్నాడు. తోటి విద్యార్థి తిమోతీ చాంగ్ తరగతిలో యాంటీబాడీల తయారీని చూపించడానికి ఆ కోళ్లనే అడిగి తీసుకున్నాడు. బర్సా తీసిన కోళ్లలో యాంటీబాడీలు పుట్టలేదు. ఆ ఫలితం 1956లో కోళ్ల పెంపకం మీద వచ్చే పత్రికలో అచ్చయింది. మనుషుల వైద్యం చదివేవాళ్లు చాలామంది కొన్నేళ్ల దాకా దాన్ని చూడనేలేదు. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకల ఛాతీలో థైమస్ గ్రంథిని తీసేసి, మరో రకం లింఫోసైట్లు అక్కడ తయారవుతాయని చూపించాడు. 1965లో మిన్నెసోటాలో మాక్స్ కూపర్, రాబర్ట్ గుడ్ ఈ రెంటినీ కలిపి చూశారు. థైమస్ నుంచి వచ్చేవి టీ కణాలు, బర్సా పేరుతో బీ కణాలు అని తర్వాత స్థిరపడింది. బర్సా మనిషికి లేదు, మనలో బీ కణాలు ఎముక మూలుగలో పుడతాయి. కోడితోక దగ్గరి తిత్తి పేరులోని అక్షరం మాత్రం నేటికీ ప్రతి ప్రయోగశాలలోనూ వాడుకలో ఉంది.

దీని ఫలితం మంచం పక్కన నిలబడ్డ వైద్యుడికి వెంటనే అందింది. బ్యాక్టీరియా మళ్లీ మళ్లీ వస్తుంటే బీ కణాల వైపు వెతకాలి. బూజులు, వైరస్‌లు, న్యుమోసిస్టిస్ వంటివి వస్తే టీ కణాల వైపు. ఏ క్రిమి వచ్చిందో చూసి ఏ కాపలా లేదో ఊహించే ఈ పద్ధతి పిల్లల వార్డుల్లో పుట్టింది. న్యుమోసిస్టిస్ చరిత్రే ఇందుకు మంచి సాక్ష్యం. 1909లో బ్రెజిల్‌లో కార్లోస్ షాగాస్ దాన్ని చూసి వేరే పరాన్నజీవి దశ అని పొరబడ్డాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మధ్య యూరప్ అనాథాశ్రమాల్లో నెలలు నిండకుండా పుట్టి, తిండి చాలక బక్కచిక్కిన శిశువుల ఊపిరితిత్తుల్లో అది కనబడింది. తర్వాత పుట్టుక లోపాలున్న పిల్లల్లో, ఆ తర్వాత క్యాన్సర్ మందులు వాడుతున్న పిల్లల్లో కనబడింది. కారణం ఆకలి గానీ జన్యువు గానీ మందు గానీ, కాపలా సడలిన చోటే అది బలపడింది.

ఈ క్యాన్సర్ పిల్లల దగ్గర కథలోకి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు వస్తారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి; దాని పోలికలతో ఉండి దాని పనికి అడ్డుపడే మందులు కూడా అక్కడే తయారయ్యాయి. 1948లో సిడ్నీ ఫార్బర్ వాటిలో అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, మొదటిసారి కొంతకాలమైనా జబ్బును వెనక్కి నెట్టగలిగాడు. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. తర్వాత మెథోట్రెక్సేట్, మరికొన్ని మందులు కలిసి ఆ పిల్లల ఆయువు పెంచాయి. అవి క్యాన్సర్ కణాలతో పాటు రోగనిరోధక కణాలనూ దెబ్బతీశాయి కాబట్టి క్యాన్సర్ తగ్గిన పిల్లలు న్యుమోసిస్టిస్‌తో చనిపోసాగారు. మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో వాల్టర్ హ్యూస్ దానికి మందు వెతికాడు. అతను ఎంచుకున్న కోట్రైమోక్సజోల్‌లో ఉన్న రెండు మందులూ సూక్ష్మజీవి ఫోలిక్ ఆమ్లం మీదే దెబ్బకొడతాయి. దాన్ని ముందే ఇస్తే ఆ న్యుమోనియా రాకుండా ఆపవచ్చని 1977లో అతను చూపించాడు. నాలుగేళ్ల తర్వాత లాస్ ఏంజెలెస్ రోగులు వచ్చేనాటికి ఈ మాత్ర తయారుగా ఉంది. నేడు మన జిల్లా ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ ముదిరినవాళ్లకు ఇచ్చే చవక మాత్ర కూడా ఇదే. సుబ్బారావు పేరును మనం క్యాన్సర్ మందులతో, యాంటీబయాటిక్‌లతో ముడిపెట్టి గుర్తుంచుకున్నాం. రోగనిరోధక లోపాల చరిత్రలోనూ ఆయనకు చోటు ఉందని నేను నమ్ముతున్నాను.

ఇప్పుడు 1981కి తిరిగి వద్దాం. న్యుమోసిస్టిస్‌కు వాడే మరో మందు పెంటమిడిన్ ఆ రోజుల్లో అమెరికాలో వ్యాధి నియంత్రణ కేంద్రం నుంచే తెప్పించుకోవలసి ఉండేది. అక్కడ ఆ మందు పంపే పని చూసే సాండ్రా ఫోర్డ్, క్యాన్సర్ గానీ పుట్టుక లోపం గానీ లేని పెద్దవాళ్ల కోసం వైద్యులు ఎందుకు అడుగుతున్నారని పై అధికారులను హెచ్చరించింది. గాట్లీబ్ తన రోగుల రక్తంలో టీ కణాలను రకాలుగా విడదీసి లెక్కపెట్టాడు. నేడు సీడీ4 అని పిలిచే కణాలను విడిగా గుర్తించే యాంటీబాడీలు 1979లోనే వచ్చాయి. వాటితో చూస్తే ఆ కణాలు దాదాపు అడుగంటి ఉన్నాయి. ఇదే జబ్బు 1951లో వచ్చి ఉంటే ఆ ఐదుగురి మరణ పత్రాల మీద న్యుమోనియా అని రాసి ఊరుకునేవారు.

ఈ వాదన మీద రెండు గట్టి అభ్యంతరాలున్నాయి. ఎయిడ్స్ తెచ్చే వైరస్ హెచ్‌ఐవీని కనిపెట్టింది పుట్టుక లోపాల నిపుణులు కారు, 1983లో పారిస్ పాశ్చర్ సంస్థలో రెట్రోవైరస్‌ల మీద పనిచేస్తున్న శాస్త్రజ్ఞులు అన్నది మొదటిది. నిజమే. కాని ఏ కణాల్లో వెతకాలో వాళ్లకు ముందే తెలుసు. టీ కణాలను పెంచి, వాటిలోనే వైరస్ జాడ పట్టారు. రెండోది ఇంకా పదునైనది: ఆ పాత పరిజ్ఞానం కళ్లు కూడా కప్పింది. న్యూజెర్సీలోని నూవర్క్‌లో జేమ్స్ ఒలెస్కే, న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఆర్యే రూబిన్‌స్టైన్ కొందరు శిశువుల్లో ఈ కొత్త జబ్బును చూసి చెప్పినప్పుడు, అవి పుట్టుక లోపాలేనని కొట్టిపారేసినవాళ్లున్నారు. పిల్లల్లో రోగనిరోధక లోపమంటే వంశపారంపర్యమే అన్న నమ్మకం అంత బలంగా ఉండేది. ఈ అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటాను. అయితే ఆ పొరపాటు దిద్దింది కూడా పుట్టుక లోపాలను దగ్గరగా తెలిసినవాళ్లే. ఈ బిడ్డల లక్షణాలు తాము ఎరిగిన ఏ వంశ లోపానికీ సరిపోవని వాళ్లు చెప్పగలిగారు.

పుట్టుక లోపాల పరిశోధనకు ఎయిడ్స్ పడ్డ ఈ అప్పు తిరిగి తీరిన సంగతి కూడా చెప్పాలి. తీవ్రమైన పుట్టుక లోపం ఉన్న బిడ్డకు మూలుగ మార్పిడి 1968లో మిన్నియాపొలిస్‌లో రాబర్ట్ గుడ్ బృందం చేసింది. అక్క మూలుగతో ఆ బాబు బతికాడు. సరిపడే దాత దొరకని పిల్లలకు అప్పట్లో దారి లేదు. అలాంటి లోపంతో హ్యూస్టన్‌లో 1971లో పుట్టిన డేవిడ్ వెట్టర్ ప్లాస్టిక్ గదిలోనే పన్నెండేళ్లు పెరిగి 1984లో చనిపోవడం లోకమంతా చూసింది. అలాంటి పిల్లల మూలుగ కణాల్లోకి సరైన జన్యువును చేర్చే వాహకాలను శాస్త్రజ్ఞులు హెచ్‌ఐవీ నుంచే తయారుచేశారు. దానిలోని హాని చేసే భాగాలు తీసేసి, కణంలోకి దూరే నేర్పును మాత్రం ఉంచుకున్నారు. డేవిడ్‌కు ఉన్న జబ్బుతోనే పుట్టిన శిశువులు ఆ చికిత్సతో కోలుకున్నారని 2019లో వచ్చిన ఫలితాలు చెప్పాయి.

మన దేశం సంగతి వేరుగా నడిచింది. 1986లో చెన్నైలో సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని నిర్మల రక్త నమూనాలు సేకరించి, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పరీక్ష చేయించి హెచ్‌ఐవీని కనిపెట్టారు. అంటే ఇక్కడ జబ్బు తనంతట తాను కనబడలేదు, వెతికితే దొరికింది. హెచ్‌ఐవీ రోగులను ఇక్కడ ఎక్కువగా చంపింది క్షయ. క్షయ లేని వీధి లేని దేశంలో మరో క్షయ రోగిని చూసి వైద్యుడు ఉలిక్కిపడడు. పుట్టుక లోపాలు మన దగ్గర లెక్కకు రాకపోవడానికీ కారణం ఇదే. న్యుమోనియాతో, విరేచనాలతో పోయిన బిడ్డను చూసి ఆ పేర్లే రాసుకుంటాం. మనకు పెద్ద జబ్బులే బోలెడుండగా ఈ అరుదైనవి ఎందుకన్న ప్రశ్నకు నా జవాబు ఇది: అరుదు అనుకోవడానికి మన దగ్గర లెక్క లేదు. అమెరికాలో 2008లో విస్కాన్సిన్‌లో మొదలుపెట్టి పుట్టిన ప్రతి బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించాక, లక్షకు ఒకరు అనుకున్న తీవ్ర లోపం సుమారు 58 వేలకు ఒకరిలో ఉందని తేలింది. తల్లి వైపు, తండ్రి వైపు రెండు జన్యువులూ చెడితే వచ్చే రకాలు మేనరికాలున్న సమాజాల్లో మరింత ఎక్కువగా వస్తాయి. మేనరికాలు తెలుగు ఇళ్లలో ఎంత మామూలో చెప్పనక్కర్లేదు.

మరో సంగతి మనకు ఇంకా దగ్గరిది. దేశంలో బీసీజీ టీకా 1948లో మదనపల్లెలో మొదలైంది. నేడు పుట్టిన బిడ్డలందరికీ ఇస్తున్నాం, ఇవ్వాలి కూడా. పసిపిల్లలను ప్రాణాంతక క్షయ నుంచి అది కాపాడుతోంది. కాని టీ కణాలు లేని శిశువులో ఆ టీకాలోని బతికున్న క్రిమే ఒళ్లంతా పాకి ప్రాణం తీయగలదు. అలా టీకా వికటించిన పిల్లలనే పరిశీలించి, క్షయ జాతి క్రిములను ఎదుర్కోవడానికి శరీరానికి ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రొటీన్ ఎంత అవసరమో 1996లో కనుగొన్నారు. తీవ్ర లోపాన్ని పుట్టగానే పట్టుకుని మూడున్నర నెలలలోపు మూలుగ మార్పిడి చేస్తే పది మందిలో తొమ్మిది మందికి పైగా బతుకుతున్నారు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం ఈ లోపాలను ఒక్కసారి చికిత్సతో నయమయ్యే జబ్బుల్లో చేర్చింది, హైదరాబాద్‌లో నిమ్స్‌ను అందుకు కేంద్రంగా గుర్తించింది. పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ రక్తపు చుక్క పరీక్ష మాత్రం మనకు ఇంకా లేదు. అది వచ్చేదాకా ఇంట్లో పెద్దవాళ్లు చేయగలిగింది ఒకటుంది. ముందు పుట్టిన బిడ్డ గానీ, మేనమామల్లో ఒకరు గానీ పసితనంలో ఆగని ఇన్ఫెక్షన్లతో పోయి ఉంటే, కొత్తగా పుట్టిన బిడ్డకు బీసీజీ వేయించే ముందే ఆ మాట డాక్టరుకు చెప్పండి.