తమ్ము తాము చూపుకొన్న చిత్రాలు

1971లో వీటో అకాంచీ అనే అమెరికన్ కళాకారుడు 'సెంటర్స్' అనే వీడియో చిత్రం తీసినారు. అందులో కథ లేదు. తెరమీది తన ప్రతిబింబం నడిమికి వ్రేలు చూపుతూ ఆయన 22 నిమిషాలు నిలబడినారు, అంతే. చూచేవారికి ఆ వ్రేలు తమకేసి చూపినట్లుంటుంది. ఆయన చూచుకొన్నది మాత్రం తన్నే. 1976లో రోజలిండ్ క్రౌస్ అనే విమర్శకురాలు ఈ చిత్రాన్ని చర్చిస్తూ, ఆత్మమోహమే వీడియో స్వభావమని వాదించినారు. మైకుముందు కూర్చుండే మాబోటివారికి ఈ మాట కొంచెం గుచ్చుకొంటుంది. ఎవరు వింటున్నారో తెలియనివాడు వినేది తన గొంతునే గదా!

2005లో యూట్యూబ్ వచ్చిన పిమ్మట ఆ ప్రయోగం ఇంటింటి వాడుక అయినది. పడకటింటిలో ఒంటరిగా నాట్యమాడి, ఆ దృశ్యాన్ని అంతర్జాలంలో లోకానికి విడిచేవారు వేలకొలది బయలుదేరినారు. అమెరికన్ కళాకారిణి నటాలీ బుక్‌చిన్ అట్టి తునకలను ఏరి, 2009లో 'మాస్ ఆర్నమెంట్' కూర్చినారు. ప్రక్కప్రక్కన పేర్చగా, ఒకరినొకరు ఎరుగని ఆ మనుష్యులు ఒక్కసారే కాలెత్తుతారు, ఒక్కతీరున తిరుగుతారు. చిత్రం పేరు 1927లో జర్మన్ రచయిత సీగ్‌ఫ్రీడ్ క్రకౌవర్ వ్రాసిన వ్యాసానిది. నర్తకీబృందం కాళ్లలో ఆయనకు కర్మాగారపు చేతులు కనబడినవి. బుక్‌చిన్ తన చిత్రానికి జోడించిన ధ్వనిలో 1935 నాటి హాలీవుడ్ నృత్యచిత్రమూ, నాజీ ప్రచారచిత్రమూ రెండూ వినబడతాయి. పోలిక భయం పుట్టించేదే. ఎవరికి వారు 'ఇది నేను' అనుకొన్నది, వరుసలో నిలువగానే ఎవరిదీ కాకుండా పోయినది. అయితే వారిలో ఒక్కరి బ్రతుకైనా మనకు తెలియదు.

ఆ లోటును చైనా దర్శకురాలు జూ షెంగ్‌జె తీర్చినారని నా అభిప్రాయం. 2017 చివరికి చైనాలో అంతర్జాల ప్రత్యక్ష ప్రసారాలను వాడేవారు 42 కోట్లు. ఆ ప్రసారాలనుండి 800 గంటలకుపైగా సేకరించి, రెండుగంటల నలుపు తెలుపు చిత్రంగా ఆమె కుదించినారు. పేరు 'ప్రెజెంట్ పర్ఫెక్ట్'. 2019లో రాటర్‌డామ్ చిత్రోత్సవంలో దానికి టైగర్ బహుమతి లభించినది. అందాలరాశులను, పేరుమోసినవారిని ఆమె తీసుకొనలేదు. కాలిన మచ్చలతో ఉన్న ఒక మనిషి, అంగవైకల్యంతోనే వీథిలో సుద్దముక్కతో బొమ్మలు వేసే చిత్రకారుడు, లోదుస్తుల కర్మాగారంలో కుట్టుపని చేసే యువతి — ఇరుగుపొరుగువారు పలుకరించని ఇట్టివారు కెమెరా ఎదుట నోరు విప్పుతారు. వీరిదీ ఆత్మమోహమే అనడానికి నాకు మనసొప్పదు. ఆ యువతి కుట్టుమిషను ఎదుట కూర్చుండి, చేతిపని సాగుతుండగానే, ఎక్కడెక్కడివారో అడిగేదానికి బదులు చెబుతూ ఉంటుంది.