యజమాని ప్రేమ, కార్యదర్శి డైరీ: ఫ్రాన్సెస్ స్టీవెన్‌సన్ రచనల చారిత్రక విలువ

ఉపోద్ఘాతం:

కులీనుడైన యజమానికి, విశ్వాసపాత్రురాలైన కార్యదర్శికి నడుమ ప్రేమ జనరంజక నవలలకు చిరపరిచితమైన ఇతివృత్తం. అక్కడ కథ పెళ్లితో ముగుస్తుంది. ఆమె చేసిన పని నేపథ్యంగానే మిగిలిపోతుంది. చరిత్రకారునికి మాత్రం ఆ పనే ముఖ్యమని బ్రిటిష్ ప్రధాని డేవిడ్ లాయిడ్ జార్జ్, ఆయన కార్యదర్శి ఫ్రాన్సెస్ స్టీవెన్‌సన్‌ల ఉదంతం తెలుపుతుంది. 1919 నాటి భారత ప్రభుత్వ చట్టం ఈయన హయాంలో వచ్చినదే కనుక ఆయన మన చరిత్ర విద్యార్థులకు కొత్తవాడు కాడు.

ఉద్యోగం – అనుబంధం:

లాయిడ్ జార్జ్ పుట్టుకతో కులీనుడు కాడు. ఆర్థికమంత్రిగా 1909 బడ్జెట్‌లో భూమిపై పన్నులు ప్రతిపాదించి ప్రభువుల సభతో తలపడినవాడు. 1911లో ఆయన కుమార్తె మేగన్‌కు చదువు చెప్పడానికి ఫ్రాన్సెస్ ఆ కుటుంబంలో ప్రవేశించింది. ఆమె ఆయనకంటే 25 ఏళ్లు చిన్నది. 1913లో ఆమె అంగీకరించినది కార్యదర్శి ఉద్యోగాన్ని మాత్రమే కాదు, దానితో ముడిపడిన రహస్య సహచర్యాన్ని కూడా. ఆయన వివాహితుడు. విడాకుల వివాదం నాయకుని ఎంతగా దెబ్బతీయగలదో 1890లో ఐర్లండ్ నేత పార్నెల్ పతనం చూపింది. కనుక ప్రేమ ఇద్దరిదైనా, షరతులు ఆయనవే.

1916 డిసెంబరులో ఆయన ప్రధాని కాగా ఆమె ఆయన ఆంతరంగిక కార్యదర్శులలో ఒకరైంది. 1919లో పారిస్ శాంతి సమావేశానికీ వెళ్లింది. ఆయన భార్య మార్గరెట్ 1941లో మరణించగా, 1943లో వారి వివాహం జరిగింది. 1945 ఫిబ్రవరిలో ఆయనకు ఎర్ల్ బిరుదు లభించింది. ఒకప్పుడు తాను ఎదిరించిన సభలో సభ్యునిగా కూర్చోకముందే, మార్చిలో ఆయన కన్నుమూశాడు. కార్యదర్శికి కౌంటెస్ హోదా దక్కింది.

డైరీ – సాక్ష్యం, పరిమితి:

ఆమె 1914లో ప్రారంభించిన డైరీని ఏ.జె.పి. టేలర్ సంపాదకత్వంలో 1971లో ప్రచురించారు. యుద్ధకాలపు మంత్రుల విభేదాలపై ఆయన ఏకాంతంలో వెలిబుచ్చిన అభిప్రాయాలు అందులో నమోదయ్యాయి. అధికారిక పత్రాలలో ఇవి లభించవు. అయితే మంత్రివర్గంలో జరిగినదంతా ఆమె కళ్లారా చూసినది కాదు. ఎక్కువగా ఆయన నోట విన్నది. ఆయన ప్రత్యర్థులను ఆమె ఆయన దృష్టితోనే చూసే అవకాశం ఉంది. 1967లో వెలువడిన ఆత్మకథ అర్ధశతాబ్ది తరువాతి జ్ఞాపకం కనుక, దానిని డైరీతో సమానంగా పరిగణించరాదు. ఆయన పత్రాలు సైతం ఆమె ద్వారానే బీవర్‌బ్రూక్ ప్రభువుకు చేరి, తరువాత పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి.

ముగింపు:

ఆయనను అధ్యయనం చేసేవారు ఆమెను సాక్షిగా వాడుకుంటారు. చరిత్రలో పాత్రధారిగా అరుదుగా గుర్తిస్తారు. ‘విధేయత’ అన్న ప్రశంస ఆమె శ్రమనూ, మూడు దశాబ్దాల గోప్యతకు ఆమె చెల్లించిన మూల్యాన్నీ కప్పివేస్తుంది. సంస్థానాల, జమీందారీల పత్రాలను పరిశీలించే మన పరిశోధకులకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది: పత్రంపై సంతకం ప్రభువుదే కావచ్చు, దానిని రాసినదీ, భద్రపరచినదీ ఎవరు?