కాళ్ళు ముందునకు చాచి నడపు బండి



నేను ముప్పదిరెండేండ్లు బడిపంతులుగా నుంటిని. అందు పందొమ్మిదియేండ్లు చేతిగేరు స్కూటరుపైననే తొమ్మిది మైళ్ళు పోవుచు వచ్చుచు నుంటిని. ఇప్పుడు మోకాళ్ళు ముడిచి కూర్చుండుట దుస్సహమైనది. నిరుడు మా మేనల్లుడు తన సుజుకి బర్గ్‌మన్ స్కూటరుపై నన్ను ముందు కూర్చుండబెట్టి, "మామయ్యా, కాళ్ళు ముందునకు చాపుకొనుడు" అనెను. చాచితిని. పడకకుర్చీలో నున్నట్లుండెను. ఈ సౌఖ్యము మన కిన్నాళ్ళేల దొరకలేదని విచారింపగా, దీనికి నూరేండ్లకు మించిన చరిత్ర కలదని తెలిసినది.

మోటారుసైకిలు తొక్కుడుసైకిలు కడుపున పుట్టినది. తొక్కుటకు కాళ్ళు నడుము క్రింద నుండవలెను గదా! 1894లో జర్మనీయందు హిల్డెబ్రాండు, వోల్ఫ్‌ముల్లరులు యంత్రముగల బండ్లను అమ్మకమునకై చేయునాటికి తొక్కవలసిన పని పోయినది. కూర్చుండు తీరు మాత్రము పోలేదు. పిమ్మట బ్రేకును, గేరును కాళ్ళకే అప్పగించిరి. ఆ పనులే కాళ్ళను అచ్చట కట్టివైచినవి. నాకు తోచిన మూలకారణ మిదియే.

దీని నెదిరించినవారు లేకపోలేదు. ఇంగ్లండులో కత్తులుచేయు విల్కిన్సన్ వారు 1909లో కుర్చీవంటి ఆసనముగల పొడవైన బండిని చూపిరి. కత్తులవారికి కుర్చీలేల యని నవ్వవచ్చును గాని, వారి బండి గౌరవమైనదే. మొదటి మహాయుద్ధమున 1916లో ఆ పని నిలిచిపోయెను. 1921 ప్రాంతమున అమెరికావాడగు కార్ల్ నెరాకర్ "నెరాకార్" అను బండిని నిర్మించెను. తన పేరును, కారునకు దగ్గరిదను అర్థమును ఒక్కమాటలో ఇమిడ్చిన చమత్కారి! ఆసనము నేలకు దగ్గర, కాళ్ళు ముందు, బట్టలకు బురద యంటదు. అది అమెరికాలోను ఇంగ్లండులోను వేలకొలది అమ్ముడుపోయినను, ఆ దశాబ్దము గడచునప్పటికి నిలిచిపోయినది.

జర్మనీలో గుస్తావ్ బౌమ్ అనువాడు వెల్లకిల పండుకొన్నట్లు నడపు బండిని ఎన్.ఎస్.యు. సంస్థకు రూపొందించెను. జనులు దానిని "ఎగిరెడు పడకకుర్చీ" యనిరి. 1954లో చిన్నచిన్న యంత్రములతోనే అది వేగపు రికార్డులు గెలిచెను. మరుసటి యేడే నూర్‌బర్గ్‌రింగు బాటపై పరీక్షించుచు బౌమ్ మరణించెను. 1956లో ఆయన రూపకల్పనయే 125 ఘనసెంటీమీటర్ల యంత్రముతో గంటకు 240 కిలోమీటర్లకు పైగా పోయెను. చూచుటకు ఆయన లేడు.

ఇంగ్లండులో మాల్కం న్యూవెల్ మొదలగువారు 1970ల నడుమ "క్వేసార్" అను పైకప్పుగల బండిని చేసిరి. మూడుచక్రముల కారులు చేయు రిలయంట్ వారి యంత్రమే అందుండెను. వానకు తడియక, చలికి వణకక పోవచ్చును. అమ్ముడైనవి ఇరువదికి కొంచెము మించినవి మాత్రమే. వెల హెచ్చు, రూపము వింత.

ఇట్లు క్రొత్తగా చేసినవారు ఓడిపోగా, ఉన్న స్కూటరునే మార్చుకొను బుద్ధి కొందరికి పుట్టినది. 1946లో ఇటలీలో దస్కానియో వెస్పాను రూపించినప్పుడు యంత్రమును వెనుకచక్రము కడకు చేర్చెను. నడుమ ఖాళీ మిగిలెను. నా పాత స్కూటరునందు వెనుకబ్రేకు ఇంకను కాలికే యుండెను. తరువాత గేరు బదులు బెల్టును, రెండు కప్పీలును వచ్చినవి. వేగమునుబట్టి కప్పీల దవడలు తామే దగ్గరపడును, దూరమగును. రెండు బ్రేకులును చేతికి వచ్చినవి. కాళ్ళకు విడుదల! 1986లో హోండావారి హీలిక్స్ 250 ఈ రీతినే పొడవుగా, పొట్టిగా వచ్చెను.

అమెరికావాడగు క్రెయిగ్ వెట్టర్ 1980 మొదలు 1985 వఱకు తక్కువ పెట్రోలుతో నడపు పందెములు పెట్టినవాడు. పిదప హీలిక్సునే తీసికొని చేపవంటి తొడుగు తొడిగెను. వేగము రెట్టింపైన గాలి అడ్డు నాలుగురెట్లు, దానిని త్రోయు శక్తి యెనిమిదిరెట్లు కావలెను. కావున మనిషిని దించి, ముందు గుండ్రముగ, వెనుక సన్నముగ తొడుగు చేయుటయే ఉపాయము. ఇట్టి మార్పునకు ఆసనము క్రింది చట్రమును కోసి దించవలెను. వీపునకు గట్టి ఆనిక కావలెను. కాళ్ళపలకలను ముందునకు జరిపి, హ్యాండిలును వెనుకకు సాచవలెను.

దోషములును చెప్పవలెను. క్రింద కూర్చున్నవానికి ముందున్న లారీ తప్ప మరేమియు కనబడదు. ప్రక్కగాలి తొడుగును త్రోయును. గుంట వచ్చినప్పుడు మనము కాళ్ళపై లేచి వెన్నును కాపాడుకొందుము. కాళ్ళు చాచినవా డట్లు లేవజాలడు. మా యూరి బాటను తలచుకొన్న నా వెన్ను ఇప్పుడే నొచ్చుచున్నది.

ఇదంతయు విని మా మేనల్లుడు తన బండిని లేతుషెడ్డుకు తీసికొనిపోయి కోయించెద ననెను. 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ విభాగమునుబట్టి, రిజిస్టరైన బండి స్వరూపమును మన యిష్టము వచ్చినట్లు మార్చరాదు. వికలాంగులకై తగినట్లు మార్చుటకు మాత్రము చట్టము త్రోవ విడిచినది. ప్రక్కచక్రముల స్కూటర్లను మీరు సంతలలో చూచియే యుందురు. చట్టమును, వెల్డింగు చేసిన చట్రము విరిగిన కలుగు నపాయమును చెప్పి వారించితిని. వాడు మూడుదినములు నాతో మాటలాడలేదు. నాలుగవనాడు వచ్చి, "బడి చూచి వత్తము రండు మామయ్యా" అనెను. వాడు కాళ్ళు చాచి నడపెను. వెనుక నేను మోకాళ్ళు ముడిచియే కూర్చుంటిని.